డ్యూటీలో తోటి వర్కర్ నడిపిన బండి తగిలితే కేసు ఎక్కడ వేయాలి: ఈఎస్ఐనా, లేబర్ ఆఫీసా, ట్రిబ్యునలా?

మా చిన్నాన్న కొడుకుని హాస్పిటల్‌కి తీసుకెళ్లినప్పుడు క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ ముందుగా ఎలా జరిగిందని అడిగాడు. మావాడు నోరు తెరిచే లోపే పక్కనున్న సూపర్‌వైజర్ "ర్యాంప్ మీద జారి పడ్డాడు సార్" అనేశాడు, డాక్టర్ అదే రాసుకున్నాడు. అసలు జరిగింది వేరే. గోడౌన్‌లో డీసీఎం లారీ లోడింగ్ అవుతోంది, డ్రైవర్ తాళాలు బండికే వదిలేసి టీకి పోయాడు, లోడ్ సర్దడానికి ఇంకో అడుగు వెనక్కి రావాలని మావాడి రూమ్మేటే స్టీరింగ్ ఎక్కి రివర్స్ తీశాడు. వాడూ లోడరే, హెవీ లైసెన్స్ లేదు. రివర్స్ హారన్ వైరు ఎప్పుడో పీకేసి ఉంది, రాత్రి షిఫ్ట్‌లో మోత భరించలేక. వెనక చక్రం మావాడి కుడి పాదం మీదకి ఎక్కింది, సేఫ్టీ షూ ముందుండే ఇనుప కప్పు లోపలికి నొక్కుకుపోయి వేళ్లని కోసేసింది. ఆ షూ ఇప్పటికీ ఇంట్లో అటక మీద కవర్‌లో ఉంది, పారేయనివ్వలేదు నేను.

ఆ తర్వాత మూడు నాలుగేళ్లు లేబర్ ఆఫీసు, పోలీస్ స్టేషన్, లాయర్ ఆఫీసు, కోర్టు అన్నీ తిరిగాం. ఆ తిరుగుడులో తెలిసిందేంటంటే ఇలాంటి యాక్సిడెంట్‌కి మన దేశంలో డబ్బు వచ్చే దార్లు ఒకటి కాదు, కానీ ఒక తలుపు తీస్తే ఇంకో తలుపు మూసుకుపోతుంది, చాలామంది ఎవరో ముందు పెట్టిన ఫారం మీద సంతకం పెట్టేసి మంచి తలుపుని తమ చేత్తోనే మూసేసుకుంటారు. అందుకే ఇది రాస్తున్నా. నేను లాయర్‌ని కాదు, ఫైనల్‌గా మీ కాగితాలు చూసిన లాయర్ మాటే వినండి, కానీ ఆ లాయర్ దగ్గరికి వెళ్లేటప్పటికి ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి.

ముందుగా మనసులో ఉండే అడ్డంకి గురించి చెప్పాలి, ఎందుకంటే సగం కేసులు అక్కడే ఆగిపోతాయి. "వాడు నా రూమ్మేట్, పెళ్లాం పిల్లలున్నోడు, కావాలని చేశాడా, వాడి మీద ఎలా కేసు పెడతా" అని. మావాడు నెల రోజులు ఇదే మాట పట్టుకు కూర్చున్నాడు. ఆ బాధ నిజమైనదే, నేను కాదనను. కానీ డబ్బు కట్టేది మీ ఫ్రెండ్ కాదండీ. పనిలో పెట్టుకున్నవాడు, బండి ఓనరు, బండి ఇన్సూరెన్స్ కంపెనీ, లేదంటే ఈఎస్ఐ అనే కార్మికుల ప్రభుత్వ బీమా, వీళ్లలో ఎవరో ఒకరు కడతారు. ట్రిబ్యునల్ (మోటార్ యాక్సిడెంట్ పరిహారం తేల్చే కోర్టు) కేసులో నడిపినవాడి పేరు రాస్తారు, నిజమే, కానీ అసలు పోట్లాట ఓనరుతో, ఇన్సూరెన్స్‌తో.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు కూడా. 1837లో ఇంగ్లండ్‌లో ఒక మాంసం కొట్టులో పనిచేసే కుర్రాడు, తోటి పనివాడు ఓవర్‌లోడ్ చేసిన బండి విరిగిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుని యజమాని మీద కేసేస్తే, కోర్టు యజమానికి బాధ్యత లేదని తేల్చింది. అక్కడి నుంచి "తోటి పనివాడి తప్పుకి యజమాని జవాబుదారీ కాదు" అనే వాదన పుట్టింది, చాలా ఏళ్లు కార్మికుల్ని ఏడిపించింది, మన దగ్గర కూడా నడిచింది. 1938లో ఇక్కడ చట్టం చేసి దాన్ని తీసేశారు. కాబట్టి ఈరోజు ఎవరైనా మేనేజర్ మీతో "తప్పు మీవాడిదే కదా, కంపెనీకి ఏం సంబంధం" అంటే అది దాదాపు రెండొందల ఏళ్ల నాటి వాదన, ఇప్పుడు చెల్లదు.

మొదట చూడాల్సింది ఈఎస్ఐ ఉందా లేదా

ఇది ఎంపిక కాదు, అందుకే ముందు ఇదే చెప్తున్నా. నెల జీతం 21,000 లోపు ఉండి, పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఉంటే మామూలుగా మీరు ఈఎస్ఐ కిందకి వస్తారు. వచ్చారంటే, డ్యూటీలో దెబ్బకి యజమాని మీద వేరే పరిహారం కేసు వేయడానికి చట్టం ఒప్పుకోదు. ఈఎస్ఐ చట్టం 53వ సెక్షన్‌లో యజమాని దగ్గరే కాదు, ఆ యజమాని కింద పనిచేసే ఇంకో మనిషి దగ్గర కూడా నష్టపరిహారం వసూలు చేయకూడదని ఉంది, అంటే మన విషయంలో బండి నడిపిన తోటి వర్కర్ అన్నమాట. 1996లో సుప్రీంకోర్టు కూడా ఈఎస్ఐ ఉన్న కార్మికుడు వర్క్‌మెన్ కాంపెన్సేషన్ కేసు, అంటే లేబర్ ఆఫీసులో వేసే పరిహారం కేసు, వేయలేడని తేల్చేసింది. ఇది తెలియక ఈఎస్ఐ ఉన్నవాళ్లు లేబర్ ఆఫీసులో కేసేసి, రెండేళ్లు తిరిగి, చివరికి ఈ సెక్షన్ చూపించి కొట్టేస్తే ఏడుస్తూ వస్తారు.

ఈఎస్ఐ అంటే చాలామందికి చిన్నచూపు, గోలీలు ఇచ్చే డిస్పెన్సరీ అనుకుంటారు. యాక్సిడెంట్ విషయంలో మాత్రం అది తక్కువదేం కాదు, నా మాట నమ్మండి. మా పక్కింటి ఆవిడ ఒక ప్యాకింగ్ యూనిట్‌లో చేసేది, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అబ్బాయి ప్యాలెట్ ఎత్తుగా పెట్టుకుని ముందు కనపడక ఆవిడని గోడకి నొక్కేశాడు, తుంటి ఎముక విరిగింది. పనిలో చేరి అప్పటికి నెలన్నరే అయింది. జబ్బు చేస్తే ఇచ్చే డబ్బుకి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలని రూల్ ఉంటుంది కానీ డ్యూటీలో దెబ్బకి అదేం లేదు, మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. పనికి వెళ్లలేని రోజులన్నిటికీ రోజు కూలీలో 90 శాతం ఇచ్చారు, ఆపరేషన్‌కి, మందులకి రూపాయి కట్టలేదు. తర్వాత మెడికల్ బోర్డు ముందుకి వెళ్తే సంపాదించే శక్తి ఇంత శాతం పోయిందని రాశారు, ఆ శాతం ప్రకారం ప్రతి నెలా పెన్షన్‌లా పడుతుంది, బతికినంత కాలం. ఆవిడ ఇప్పుడు కూర్చుని చేసే ఉద్యోగం చూసుకుంది, అయినా ఆ డబ్బు ఆగలేదు. మనిషి చనిపోతే కూలీలో 90 శాతాన్ని లెక్కగట్టి అందులో భార్యకి ఐదింట మూడు వంతులు, పిల్లలకి ఒక్కొక్కరికి ఐదింట రెండు వంతులు చొప్పున ఇస్తారు, మొత్తం ఆ 90 శాతం దాటకుండా సర్దుతారు.

దీంట్లో ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే యజమాని యాక్సిడెంట్ రిపోర్ట్ పంపకపోవడం. అది పంపకపోతే బ్రాంచ్ ఆఫీసులో ఫైలు కదలదు. మీ ఇన్సూరెన్స్ నంబర్ పట్టుకుని బ్రాంచ్ మేనేజర్‌కి మీరే రాతపూర్వకంగా ఇవ్వండి, తీసుకున్నట్టు స్టాంప్ వేయించుకోండి. ఇంకోటి, కాంట్రాక్టర్ జీతంలో ఈఎస్ఐ కట్ చేసుకుని అక్కడ కట్టలేదనుకోండి, లేదా అసలు పేరే ఎక్కించలేదనుకోండి, మీ హక్కు పోయిందని అనుకోవద్దు. అర్హత ఉన్నవాడికి ఈఎస్ఐ ఇచ్చి ఆ యజమాని దగ్గర వసూలు చేసుకునే ఏర్పాటు చట్టంలోనే ఉంది. జీతం స్లిప్, బ్యాంక్ స్టేట్‌మెంట్, గేట్ పాస్, ఏది ఉంటే అది దాచుకోండి.

మావాడి జీతం 23,000, అందుకే ఈఎస్ఐ లేదు. అప్పుడు మిగిలినవి రెండు.

లేబర్ ఆఫీసు దారి

ఇప్పటికీ అందరూ "డబ్ల్యూసీ కేసు" అనే అంటారు. 1923 నాటి చట్టం ఇది, 2010 నుంచి పేరు మార్చి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ అన్నారు, 2025 నవంబర్ 21 నుంచి కొత్త సోషల్ సెక్యూరిటీ కోడ్ అమల్లోకి వచ్చి దీన్నీ, ఈఎస్ఐనీ కలిపేసుకుంది. లెక్క కట్టే పద్ధతి పెద్దగా మారలేదు, ఆ తేదీకి ముందు జరిగిన యాక్సిడెంట్లకి పాత చట్టమే చూస్తారు. మన రాష్ట్రాల్లో ఈ కేసులు లేబర్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్ కమిషనర్, డిప్యూటీ కమిషనర్ స్థాయి ఆఫీసర్లు విన్నారు ఇన్నాళ్లూ.

దీని బలం ఏంటంటే ఎవరి తప్పు అనేది నిరూపించక్కర్లేదు. పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలింది, అంతే చాలు. రూమ్మేట్ తప్పా, డ్రైవర్ తాళాలు వదలడం తప్పా, మావాడు బండి వెనక నిలబడటం తప్పా అనే గొడవ అక్కడ ఉండదు. మీరు కాస్త అజాగ్రత్తగా ఉన్నా పరిహారం తగ్గదు. తాగి ఉండటం, సేఫ్టీ కోసం పెట్టిన రూల్‌ని కావాలని ధిక్కరించడం లాంటివి ఉంటే యజమాని తప్పించుకోవచ్చు, కానీ అవి కూడా మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికిరాకుండా పోయినా అడ్డం రావు. బండి పబ్లిక్ రోడ్డు మీదుందా గోడౌన్ లోపలుందా అన్నదీ అక్కర్లేదు, దానికి రిజిస్ట్రేషన్ ఉందా లేదా అన్నదీ అక్కర్లేదు. మీరు కాంట్రాక్టర్ మనిషైనా, పని జరిగేది అసలు కంపెనీ ఆవరణలో, వాళ్ల వ్యాపారం కోసమే అయితే ఆ కంపెనీ మీద కూడా వేయొచ్చు, కాంట్రాక్టర్ దగ్గర వాళ్లు తర్వాత వసూలు చేసుకుంటారు. మా దగ్గర కాంట్రాక్టర్‌కి సొంత ఆఫీసు కూడా లేదు, ఒక ఫోన్ నంబరే, ఇలాంటి చోట ఈ పాయింట్ ప్రాణం లాంటిది.

బలహీనత డబ్బు లెక్కలో ఉంది. మీ జీతం ఎంతైనా నెలకి 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు, 2020 జనవరి నుంచి అదే సీలింగ్. శాశ్వతంగా పూర్తిగా పని చేయలేకపోతే అందులో 60 శాతం, చనిపోతే 50 శాతం, దాన్ని వయసు బట్టి ఉండే ఫ్యాక్టర్‌తో గుణిస్తారు, 30 ఏళ్లవాడికి 207.98, 40 ఏళ్లవాడికి 184.17. పాక్షికంగా పోతే ఆ శాతం మేరకు. చేతి బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతికి నాలుగు వేళ్లు పోతే 50 శాతం అని చట్టం వెనక పట్టికే ఉంది, పట్టికలో లేని దెబ్బకి డాక్టర్ చెప్తాడు. వైద్యానికి అయిన అసలు ఖర్చు విడిగా ఇవ్వాలి, బిల్లులు ఉండాలి. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, కారణం లేకుండా ఆపితే 50 శాతం వరకు పెనాల్టీ కూడా వేయొచ్చు. రెండేళ్లలోపు కేసు వేయాలి.

శాతం దగ్గర ఒక మాట. పట్టికలో ఉన్న నంబరే ఆఖరి మాట అనుకోకండి. 1976లో రిపోర్ట్ అయిన ఒక సుప్రీంకోర్టు కేసులో ఒక వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేశారు, పట్టిక ప్రకారం పాక్షిక నష్టమే, కానీ ఒంటి చేత్తో వడ్రంగం ఎలా చేస్తాడని వంద శాతం నష్టంగానే తీసుకున్నారు. లారీ డ్రైవర్‌కి కాలు పోయినా, మూటలు మోసేవాడికి నడుము పోయినా ఈ వాదన గట్టిగా వినిపించాలి.

ట్రిబ్యునల్ దారి

మోటార్ యాక్సిడెంట్స్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్, కోర్టు భాషలో ఎంవీఓపీ. దెబ్బ తగిలించింది మోటార్ వెహికల్ అయితేనే ఈ దారి. ఇక్కడ నడిపినవాడి నిర్లక్ష్యం మీరు చూపించాలి, మీ తప్పు ఉందని తేలితే ఆ మేరకు కోత పడుతుంది. కానీ జీతానికి సీలింగ్ లేదు, భవిష్యత్తులో జీతం పెరుగుతుందని 40 ఏళ్ల లోపు వాళ్లకి, పర్మనెంట్ ఉద్యోగం కాకపోయినా, 40 శాతం కలుపుతారు, 2017లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం. నొప్పికి, బాధకి, సౌకర్యాలు పోయినందుకు, తోడుగా ఉండి చూసుకున్న మనిషికి, ముందు ముందు చేయించాల్సిన ఆపరేషన్లకి కూడా విడిగా అడగొచ్చు.

తేడా ఎంతుంటుందో ఒక లెక్క వేసి చూపిస్తా. 30 ఏళ్ల మనిషి, నెలకి 18,000 జీతం, సంపాదించే శక్తి 40 శాతం పోయిందనుకుందాం. లేబర్ ఆఫీసులో 15,000లో 60 శాతం అంటే 9,000, దాన్ని 207.98తో గుణిస్తే 18,71,820, అందులో 40 శాతం 7,48,728. అదే ట్రిబ్యునల్‌లో ఏడాదికి 2,16,000, దానికి 40 శాతం కలిపితే 3,02,400, ఆ వయసుకి మల్టిప్లయర్ 17, మొత్తం 51,40,800, అందులో 40 శాతం 20,56,320. నొప్పి, బాధ, వైద్యం ఇంకా కలపలేదు. మీ తప్పు పావు వంతు ఉందని తేల్చి కోసినా 15,42,240 మిగులుతుంది, అంటే లేబర్ ఆఫీసు లెక్కకి రెట్టింపు. అదే మనిషికి ఈఎస్ఐ ఉంటే సుమారుగా నెలకి 6,500 దాకా జీవితాంతం, ముప్పై ఏళ్లు బతికితే 23 లక్షలు దాటుతుంది, అదీ కోర్టు మెట్లు ఎక్కకుండా. అందుకే ఈఎస్ఐని తీసిపారేయొద్దని చెప్పింది.

ఇంత తేడా చూసి అందరూ ట్రిబ్యునల్‌కే పరిగెత్తొచ్చు కదా అంటే, అక్కడ మూడు రాళ్లు తగులుతాయి, వాటిని దాటగలమా అని ముందే చూసుకోవాలి.

ఒకటి, అది అసలు మోటార్ వెహికలేనా. ఫ్యాక్టరీ లోపలో, మూసిన ఆవరణలోనో మాత్రమే వాడటానికి తయారైన ప్రత్యేక రకం బండి చట్టం లెక్కలో మోటార్ వెహికల్ కాదు, పట్టాల మీద నడిచేదీ కాదు. అందుకే గోడౌన్ లోపల తిరిగే ఫోర్క్‌లిఫ్ట్ కేసుల్లో ఈ వాదన ఖాయంగా వస్తుంది. డీసీఎం, టిప్పర్, బొలెరో, కంపెనీ బస్సు లాంటి రోడ్డు బండి ఫ్యాక్టరీ లోపల తగిలితే అది మోటార్ వెహికలే, కానీ ఇన్సూరెన్స్ కంపెనీ "ఇది పబ్లిక్ ప్లేస్ కాదు" అంటుంది. 2025 ఆగస్టులో విశాఖ స్టీల్ ప్లాంట్ డిస్పాచ్ యార్డు గురించి సుప్రీంకోర్టు, గోడ కట్టి గేటు దగ్గర సెక్యూరిటీ పెట్టి ఎవరినీ రానివ్వని యార్డు పబ్లిక్ ప్లేస్ కాదని, అక్కడే తిరిగే బండ్లకి మోటార్ వెహికల్ ట్యాక్స్ వేయకూడదని చెప్పింది. అది ట్యాక్స్ కేసు, పరిహారం కేసు కాదు, అయినా ఇన్సూరెన్స్ లాయర్లు దాన్ని పట్టుకొస్తారు, మీ లాయర్ జవాబుతో రెడీగా ఉండాలి. మా గోడౌన్‌కి బయటి ట్రాన్స్‌పోర్ట్ బండ్లు, కస్టమర్ల ఆటోలు, పార్సిల్ పట్టుకెళ్లే జనం రోజంతా వచ్చిపోతుంటారు, ఆ ఎంట్రీ రిజిస్టర్ ఫొటోలు తీసి పెట్టడం మాకు కలిసొచ్చింది.

రెండు, బండి ఎవరి పేరు మీదుంది. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న, ఆర్సీ చూడకుండా ఏ ఫారం మీదా సంతకం పెట్టొద్దు. బండి మీ యజమానిదే అయితే, మీరు ఆయన ఉద్యోగి కాబట్టి మామూలు థర్డ్ పార్టీ పాలసీలో, అంటే బయటివాళ్లకి తగిలిన దెబ్బకి కట్టే పాలసీలో, మీరు రారని ఇన్సూరెన్స్ కంపెనీ వాదిస్తుంది. చట్టం ప్రకారం పాలసీ తప్పనిసరిగా కవర్ చేయాల్సిన ఉద్యోగులు డ్రైవర్, కండక్టర్, గూడ్స్ బండిలో ప్రయాణించే పనివాళ్లు, అది కూడా కాంపెన్సేషన్ చట్టం లెక్క వరకే. కింద నిలబడి దెబ్బ తిన్నవాడి సంగతి పేచీలో పడుతుంది, ఇన్సూరెన్స్ తప్పుకుంటే గెలిచిన డబ్బు యజమాని జేబు నుంచి రావాలి, ఆయన దగ్గర లేకపోతే తీర్పు కాగితం మిగులుతుంది. అలాంటప్పుడు యజమానికి డబ్ల్యూసీ పాలసీ ఉందేమో కనుక్కుని లేబర్ ఆఫీసుకే వెళ్లడం మంచిదని నా అభిప్రాయం, తక్కువైనా చేతికొస్తుంది. బండి వేరేవాళ్లది, అంటే ట్రాన్స్‌పోర్టర్‌దో ఇంకో కాంట్రాక్టర్‌దో అయితే, వాళ్లకి మీరు పూర్తిగా థర్డ్ పార్టీ, అప్పుడు ట్రిబ్యునల్ బలమైన దారి. ఈఎస్ఐ ఉన్నవాళ్లు కూడా ఇక్కడ ఆగి చూడాలి, 53వ సెక్షన్ అడ్డం వచ్చేది మీ యజమానికీ ఆయన మనుషులకీ, బయటి ఓనరు గురించి లాయర్‌ని విడిగా అడగండి.

మూడు, లైసెన్స్. మా కేసులో రూమ్మేట్‌కి హెవీ లైసెన్స్ లేదు, ఇన్సూరెన్స్ కంపెనీ కోర్టుకిచ్చిన మొదటి కౌంటర్‌లోనే, అంటే రాతపూర్వక జవాబులోనే, అది రాసింది. లాయర్ కంగారు పడొద్దన్నాడు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం లైసెన్స్ లోపం ఉన్నా థర్డ్ పార్టీకి ముందు కంపెనీ కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ చెప్పొచ్చు. తాళాలు బండికే వదిలేయడం ఓనరు డ్రైవర్ నిర్లక్ష్యం అని కూడా వాదించాడు.

టైమ్ గురించి, 2022 ఏప్రిల్ నుంచి ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లోపు కేసు వేయాలనే రూల్ వచ్చింది. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది, 2025 నవంబర్‌లో ఆ కారణంతో కేసులు కొట్టేయొద్దని మధ్యంతర ఆదేశం ఇచ్చింది, కానీ దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయడం తెలివైన పని కాదు, ఆరు నెలలే మీ గడువు అనుకుని కదలండి.

రెండిట్లో ఒకటే

మోటార్ వెహికల్స్ చట్టం 167వ సెక్షన్ సూటిగా చెప్తుంది, రెండు చట్టాల కిందా హక్కు ఉంటే ఏదో ఒకటే ఎంచుకోవాలి. 2006లో రిపోర్ట్ అయిన మస్తాన్ కేసులో సుప్రీంకోర్టు ఒక దారి ఎంచుకున్నాక రెండోదానికి వెళ్లలేరని గట్టిగా చెప్పింది. అందుకే మొదటి సంతకం అంత ముఖ్యం. మా దగ్గరికి పదిహేనో రోజున కాంట్రాక్టర్ తరఫు మనిషి వచ్చి "లేబర్ ఆఫీసులో నేనే వేయిస్తా, ఫీజు కూడా వద్దు, ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడు. మంచితనం అనుకున్నాం. ఆ ఫారం వేసుంటే ట్రిబ్యునల్ తలుపు ఆరోజే మూసుకుపోయేది.

ఒక ఊరట ఉంది. మనిషి చనిపోయినప్పుడు యజమాని తనంతట తానే కమిషనర్ దగ్గర డబ్బు డిపాజిట్ చేస్తే, కుటుంబం అడగకుండానే, అది ఎంచుకున్నట్టు కాదని 2013లో ద్యామవ్వ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, తీసుకున్నది అందులో మినహాయిస్తారు. అలాగే చావు కేసులో యజమాని నేరుగా కుటుంబం చేతికిచ్చిన డబ్బు కాంపెన్సేషన్ చెల్లించినట్టు లెక్కకి రాదు, కమిషనర్ దగ్గరే జమ చేయాలి. "యాభై వేలిచ్చాం, సెటిల్మెంట్ అయిపోయింది" అని తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నా హక్కు వదులుకున్నట్టు కాదు. అంత్యక్రియలకి ఇస్తే తీసుకోండి, కాగితం మీద మాత్రం ఏమీ రాయకండి.

సివిల్ కోర్టులో దావా అనే ఇంకో దారి కూడా ఉంది, అది వేస్తే లేబర్ ఆఫీసు దారి పోతుంది, నిరూపించే భారం మీదే, కోర్టు ఫీజు ఎక్కువ. కూలి మనిషికి దాన్ని నేను చెప్పను.

పల్లెటూళ్ల గురించి ఒక ముక్క. మిర్చి కోతకి, పత్తి తీతకి ట్రాక్టర్ ట్రాలీలో ఎక్కించుకుపోతారు, నడిపేది కూడా ఆ పనికొచ్చినవాడే, గట్టు దిగేటప్పుడు ట్రాలీ తిరగబడుతుంది. ట్రాక్టర్ పాలసీలో ట్రాలీలో కూర్చున్నవాళ్లు రారని ఇన్సూరెన్స్ కంపెనీలు అడ్డం తిరుగుతాయి. ట్రాక్టర్లతో చేసే వ్యవసాయ పని కాంపెన్సేషన్ చట్టం పట్టికలో ఉంది, ఈ సంగతి కూలీలకే కాదు రైతుకి కూడా తెలియదు. పాలసీ తీసుకునేటప్పుడే కూలీల కవరేజీకి అదనపు ప్రీమియం కడితే రెండు ఇళ్లూ నిలబడతాయి.

ఏ దారికైనా పనికొచ్చే కాగితాలు మొదటి వారంలోనే పుడతాయి, తర్వాత పుట్టించలేం. హాస్పిటల్‌లో ఎమ్మెల్సీలో, అంటే దెబ్బ ఎలా తగిలిందో డాక్టర్ రాసే మెడికో లీగల్ కాగితంలో, ఏం రాశారో ఆరోజే చదవండి. మాది "జారి పడ్డాడు" అని ఉంది కదా, నేను మర్నాడు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లి జరిగింది జరిగినట్టు రాసి కంప్లయింట్ ఇచ్చా, బండి నంబర్‌తో సహా. ఎస్సై మొదట లేబర్ మేటర్ అన్నాడు, కూర్చున్నా, మధ్యాహ్నానికి ఎఫ్ఐఆర్ అయింది. అది లేకపోతే ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్సూరెన్స్ కంపెనీ మా కేసు మొత్తం కూల్చేసేది. మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్ట్ అడిగి తీసుకోండి, అందులో రివర్స్ హారన్ పనిచేయట్లేదని రాసి ఉంటే బంగారం. సీసీటీవీ కొన్ని రోజులకి దానంతటదే చెరిగిపోతుంది, ఫుటేజీ దాచమని లెటర్ రాసి వాట్సాప్‌లో కూడా పంపండి. సదరం సర్టిఫికెట్ పెన్షన్‌కి పనికొస్తుంది, కానీ ట్రిబ్యునల్‌లో డాక్టర్ వచ్చి, ఈ పాదంతో ఈ మనిషి మూటలు మోయలేడు అని సాక్ష్యం చెప్పాలి, శాతం కంటే ఆ వాక్యం విలువైనది. బ్యాంక్‌లో 20 రూపాయలు కట్ అయ్యే సురక్షా బీమా ఉందేమో చూడండి, శాశ్వత వైకల్యానికి లక్ష, రెండు లక్షలు వేరే వస్తాయి, దానికీ ఈ కేసులకీ సంబంధం లేదు, రెండూ తీసుకోవచ్చు.

మాది బయటి ట్రాన్స్‌పోర్టర్ బండి, రోడ్డు బండి, ఈఎస్ఐ లేదు, వయసు తక్కువ, అందుకే ఎంవీఓపీ వేశాం. మూడేళ్లు పట్టింది. పావు వంతు మావాడి తప్పని కోశారు, వెనక నిలబడ్డందుకు, అది నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. అయినా లేబర్ ఆఫీసు లెక్కకంటే చాలా ఎక్కువే వచ్చింది.

ఆ రూమ్మేట్ మీద క్రిమినల్ కేసు నడిచింది, అది తప్పలేదు, తర్వాత రాజీ పడ్డారు. ట్రిబ్యునల్‌లో వాడే మా సాక్షి. ఇన్సూరెన్స్ లాయర్ "నువ్వు నడపలేదు కదా, డబ్బు కోసం చెప్తున్నావు కదా" అని గుచ్చి గుచ్చి అడిగితే, "నేనే తీశాను సార్, హారన్ లేదు, వాడు అరిచింది నాకు వినపడలేదు" అన్నాడు, ఆ ముక్క అలాగే రికార్డయింది. ఆరోజు సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సెక్కి రూముకి పోయారు, మావాడి కర్ర వాడే పట్టుకున్నాడు.